ముందు భయం తీయండి, తర్వాత పన్ను

హసన్‌పర్తి, దాని చుట్టుపక్కల ఊళ్లలో పిప్పిపన్నుకు వైద్యం ఇంట్లోనే మొదలవుతుంది. మొదట లవంగం. పన్ను సందులో పెట్టి నొక్కిపడితే కాసేపు పోటు తగ్గుతుంది. లవంగ నూనెలోని యూజినాల్‌కు నరాన్ని మొద్దుబార్చే గుణం నిజంగానే ఉంది. తర్వాత ఉప్పునీళ్లు పుక్కిలించడం. ఆ తర్వాత మందుల షాపులో ఒక నొప్పి గోలీ. అప్పటికీ తగ్గకపోతే ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది. ఇవన్నీ అయిపోయి, దవడ వాచి, రాత్రిళ్లు నిద్ర పట్టని స్థితి వచ్చాక హన్మకొండకు బయల్దేరతారు. ఎర్రగట్టుగుట్ట, భీమారం, కేయూ క్రాస్‌రోడ్డు, నయీంనగర్. దగ్గరి దారే. ఆ కాస్త దూరం పోవడానికి కొందరికి నెలలు, కొందరికి ఏళ్లు పడుతున్నాయి.

డబ్బు ఒక కారణం. కూలి పోతుందన్నది మరో కారణం. పైకి చెప్పుకోని కారణం భయం. ‘సూదంటెనే నాకు కాళ్లు వణుకుతయి’ అని ఆడవాళ్లు కనీసం ఒకరితో ఒకరు చెప్పుకుంటారు. మగవాళ్లు ‘పని పడ్డది, వచ్చే వారం పోత’ అని దాటవేస్తారు. దాని కింద ఉన్నదీ అదే వణుకు.

ఈ భయానికి తోడు తరాల నుంచి వస్తున్న ఒక మాట ఉంది: పై పన్ను పీకిస్తే కన్ను పోతుందని. పళ్లకు, ముఖానికి నొప్పి తెలిసేది ఐదో కపాల నాడి వల్ల. దాని కొమ్మల్లో ఒకటి పై దవడకు, ఒకటి కింది దవడకు పోతుంది. చూపును మోసేది రెండో కపాల నాడి. ఈ రెండింటి దారులు వేరు. పన్ను తీసినంత మాత్రాన చూపు నాడికి ఏమీ కాదు. పై పన్ను వేరులో చీము పట్టినా పట్టించుకోకుండా వదిలేస్తే మాత్రం ఆ వాపు కంటి చుట్టూ పాకే ప్రమాదం ఉంది. కంటికి ముప్పు పన్ను తీయించడంలో లేదు, తీయించకుండా నానబెట్టడంలో ఉంది. ఈ సంగతి ఊరి వాళ్లకు అర్థమయ్యేలా ఎవరైనా చెబితే సగం మంది ముందే వస్తారని నా నమ్మకం.

ఆలస్యంగా రావడంలో ఇంకో నష్టం ఉంది. దంత వైద్యంలో తిమ్మిరికి వాడే మందు లిగ్నోకైన్. స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేసిన ఈ మందు 1948లో బజారులోకి వచ్చింది. మామూలు స్థితిలో ఇది బాగా పనిచేస్తుంది. చీము పట్టి వాచిన చోట కణజాలంలో ఆమ్లగుణం పెరుగుతుంది. ఆమ్లం ఉన్నచోట ఈ మందు నరం పొరను దాటి లోపలికి పోగల రూపంలో తక్కువగా మిగులుతుంది. అందుకే బాగా ముదిరిన పన్నుకు సూది వేసినా తిమ్మిరి సరిగా ఎక్కదు, చికిత్సలో నొప్పి తెలుస్తుంది. భయపడి ఆలస్యం చేసినవాడు నొప్పి పడతాడు. ఆ నొప్పి కథ ఇంటికొచ్చి చెబుతాడు. విన్న చెల్లెలో బామ్మర్దో మరింత ఆలస్యం చేస్తారు. హసన్‌పర్తిలో కూర్చున్నా హాంబర్గ్‌లో కూర్చున్నా ఈ చక్రం ఇలాగే తిరుగుతుంది. 2009లో ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో జరిగిన వయోజనుల దంత ఆరోగ్య సర్వేలో 12 శాతం మందికి దంత వైద్యమంటే తీవ్రమైన భయం ఉన్నట్టు తేలింది. ఊరూరా క్లినిక్కులు ఉన్న దేశాల సంగతి అది.

భయాన్ని కొలవడానికి వైద్యులకు ఒక కొలబద్ద ఉంది. నార్మన్ కోరా అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1969లో దానికి తొలి రూపం ఇచ్చాడు. దాన్ని సవరించి 1995లో వచ్చిన ఐదు ప్రశ్నల పట్టికను ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. రేపు పంటి డాక్టరు దగ్గరికి పోవాలంటే మీకెట్లుంటది? బయట బెంచీ మీద మీ వంతు కోసం కూర్చున్నప్పుడు? మిషన్‌తో పన్ను తొలవబోతున్నారంటే? పళ్లు క్లీన్ చేస్తారంటే? చిగురులో సూది వేస్తారంటే? ఒక్కో దానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. మొత్తం 19 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే భయం తీవ్రమన్నట్టు. రెండు నిమిషాల పని. బీపీ చూసినట్టే ఇదీ చూడాలి. చాలాచోట్ల చూడరు, అడగరు, వచ్చినవాళ్లూ చెప్పరు. చెబితే చిన్నతనమనుకుంటారని.

భయం కొంచెమే ఉంటే మాటతోనే చాలావరకు తీరుతుంది. ఏం చేయబోతున్నారో చెప్పడం, ఆ పనిముట్టు చూపించడం, అప్పుడే చేయడం. పిల్లల దంత వైద్యంలో ఇది పాత పద్ధతి. పెద్దవాళ్లకూ అంతే పనికొస్తుంది. సూది గుచ్చే చోట ముందుగా తిమ్మిరి జెల్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగడం, మందును మెల్లగా ఎక్కించడం కూడా ముఖ్యం. చాలామందికి నొప్పి సూది మొన వల్ల రాదు, మందును తొందరగా నెట్టడం వల్ల వస్తుంది. ఎడమ చెయ్యి ఎత్తితే ఆపేస్తానని డాక్టరు ముందే మాటిచ్చి, ఎత్తగానే నిజంగా ఆపితే, ఆ మనిషి మళ్లీ ఆ చెయ్యి ఎత్తడు. తనకు ఆపే హక్కుందని తెలిస్తే చాలు.

మాటకు లొంగని భయానికి మందులున్నాయి. వాటిలో అన్నిటికన్నా తేలికైనది, నా దృష్టిలో మన జిల్లాల్లో ముందుగా విస్తరించాల్సింది, నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్. మత్తు శాస్త్రం పుట్టిందే పంటి కుర్చీలో. 1844 డిసెంబరు 10న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో గార్డ్‌నర్ కోల్టన్ ఈ గ్యాస్‌తో వినోద ప్రదర్శన ఇచ్చాడు. గ్యాస్ పీల్చిన ఒకడు కాలికి దెబ్బ తగిలినా నొప్పి తెలియకుండా ఉండటం ప్రేక్షకుల్లో ఉన్న హొరేస్ వెల్స్ గమనించాడు. వెల్స్ దంత వైద్యుడు. మర్నాడే ఆ గ్యాస్ తానే పీల్చి, సాటి వైద్యుడు జాన్ రిగ్స్‌తో తన పన్ను తీయించుకున్నాడు. రోగి మీద ప్రయోగించే ముందు తన ఒంటి మీద పరీక్షించుకున్న ఆ ధైర్యాన్ని తలుచుకోవాలి. రెండేళ్లు తిరగకుండానే, 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో ఈథర్ మత్తును లోకానికి చూపించిన విలియం మోర్టన్ కూడా దంత వైద్యుడే.

ఇప్పటి గ్యాస్ పద్ధతి ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. కుర్చీ పక్కన రెండు సిలిండర్లు: నీలం రంగుది నైట్రస్ ఆక్సైడ్, నల్లటి ఒళ్లు తెల్లటి భుజాలు ఉన్నది ఆక్సిజన్. ఒకదాని చోట ఇంకోటి పొరపాటున కూడా బిగించలేరు. పట్టులో పిన్నుల అమరిక వేరు. ముక్కు మీద మెత్తటి తొడుగు పెడతారు. నోరు చికిత్సకు ఖాళీగా ఉంటుంది. మొదట కొన్ని నిమిషాలు ఒట్టి ఆక్సిజనే. తర్వాత నైట్రస్‌ను కొద్దికొద్దిగా కలుపుతూ పోతారు. చాలామందికి 30 నుంచి 40 శాతం దగ్గర సరిపోతుంది. వేళ్ల కొసలు చీమలు పాకినట్టవుతాయి, కాళ్లు బరువెక్కుతాయి, భుజాలు కిందికి జారుతాయి. మాట వినిపిస్తుంది, అడిగితే జవాబు చెబుతారు. యంత్రం ఆక్సిజన్‌ను 30 శాతం కన్నా తగ్గనివ్వదు. ఆక్సిజన్ అయిపోతే నైట్రస్ తనంతట తాను ఆగిపోతుంది. యంత్రానికి వేలాడే రబ్బరు సంచి ప్రతి ఊపిరికీ ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. దాన్ని చూస్తూ ఉండటం ఒక మనిషి పని. పూర్తయ్యాక మళ్లీ ఐదు నిమిషాలు ఆక్సిజన్ ఇస్తే మత్తు దిగిపోతుంది. ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. తొలి మూడు నెలల గర్భిణులకు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్లకు, బి12 బాగా తక్కువున్నవాళ్లకు ఇవ్వరు. ఇది నిద్ర మందు కాదు, తిమ్మిరి సూది ఎలాగూ పడుతుంది. ఆ సూది పడుతున్నదన్న బెంగను మాత్రం ఇది దించుతుంది.

తర్వాతి మెట్టు గోలీ లేదా సిరప్. పెద్దవాళ్లకు చికిత్సకు ముందు డైజిపామ్ కోవకు చెందిన గోలీ. పిల్లలకు మిడజోలమ్ సిరప్. చవక, సూది లేదు. కానీ దీనికో ఇబ్బంది ఉంది. గ్యాస్‌ను తిప్పి తగ్గించవచ్చు, మింగిన గోలీని తగ్గించలేం. ఒకరికి చాలని మోతాదు ఇంకొకరిని గాఢంగా పడుకోబెడుతుంది. కొందరు పిల్లలు శాంతించకపోగా మరింత పెంకిగా ఏడుస్తారు. ఇంట్లో ఎవరికో రాసిన నిద్ర గోలీని ‘భయం పోతది’ అని వేసుకొని బయల్దేరడం చాలా ప్రమాదం. ఈ మందులు డాక్టరు రాస్తేనే, డాక్టరు కళ్ల ముందే వేసుకోవాలి. తిరుగు ప్రయాణంలో బండి నడపకూడదు. కళ్లు తెరుచుకొని ‘నేను మంచిగనే ఉన్న’ అంటున్న మనిషి చేతులు కూడా బ్రేకు పట్టే క్షణానికి ఆలస్యం చేస్తాయి. కేయూ క్రాస్‌రోడ్డు మీద కరీంనగర్ వైపు పోయే లారీల మధ్య ఆ క్షణం ఎంత విలువైందో రోజూ ఆ దారిన పోయేవాళ్లకు తెలుసు. ఇంటి నుంచి తోడు ఒకరు వచ్చి తీసుకెళ్లాలి. ఆ రోజు పొలం మోటరు, గడ్డి కోసే మిషన్ ముట్టకూడదు.

మన ప్రాంతంలో దీనికి సంబంధించి ఇంకో విషయం ఉంది, దాన్ని సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి. చెట్టు మీద నుంచి దించిన కల్లు వేరు, దుకాణంలో సీసాలో పోసే మందుకల్లు వేరు. మందుకల్లులో కలిపేవి డైజిపామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్. ఎక్సైజ్ దాడుల్లో ఇవి ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. 2015లో తెలంగాణలో దాడులు గట్టిగా జరిగి ఆ కల్లు ఉన్నట్టుండి దొరక్కపోయేసరికి, అలవాటుపడ్డవాళ్లు వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చి మాటలతో ఆసుపత్రులకు చేరారు. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. పంటి డాక్టరు ఇచ్చే మత్తు గోలీ, ఆ కల్లులో కలిపే డైజిపామ్, ఆల్ప్రాజోలం ఒకే కుటుంబం మందులు. రోజూ మందుకల్లు తాగేవాడికి మామూలు మోతాదు ఏమీ చేయకపోవచ్చు. డాక్టరు అది తెలియక మోతాదు పెంచితే, పొద్దున తాగి వచ్చిన కల్లు దానికి తోడై ఊపిరి మందగించవచ్చు. సారా, బ్రాందీ విషయంలోనూ ఇంతే. కాబట్టి ‘అప్పుడప్పుడు తాగుత’ అని తుడిచేయకూడదు. ఏం తాగుతారు, ఎంత, చివరిసారి ఎప్పుడు అన్నది కుర్చీ ఎక్కకముందే చెప్పాలి. భార్య ముందు చెప్పలేకపోతే డాక్టరుకు ఒంటరిగా చెప్పాలి. డాక్టరు కూడా పోలీసులా అడగకూడదు. కల్లు మండువాలు ఉన్న ఈ నేల మీద ఈ ప్రశ్న అడగని పంటి వైద్యుడు సగం చరిత్రే రాసుకున్నట్టు.

భయం బాగా ఎక్కువైనప్పుడు, లేదా జ్ఞానదంతాలు కోసి తీయాల్సినప్పుడు, నరానికి, అంటే రక్తనాళంలోకి, మత్తు ఇస్తారు. సాధారణంగా మిడజోలమే. ఒక్కో మిల్లీగ్రాము చొప్పున ఇచ్చి, కాసేపు ఆగి, మనిషిని చూసి, అప్పుడే మళ్లీ ఇవ్వాలి. రెప్పలు బరువెక్కి మాట ముద్దగా వస్తే ఆపేయాలి. దీని విశేషం, జరిగినదేదీ తర్వాత గుర్తుండకపోవడం. మోతాదు దాటితే విరుగుడు మందు ఫ్లూమజెనిల్ ఉంది. అది ఆ గదిలోనే ఉండాలి. ప్రొపోఫాల్ లాంటి బలమైన మందులైతే మత్తు వైద్యుడు, అంటే ఎనస్థీషియా డాక్టరు, తప్పనిసరి. పళ్లు తీసే చేతులు మత్తును చూసుకోలేవు.

ఈ చివరి మాట హైదరాబాద్‌కు కొత్త కాదు. 1880ల్లో ప్రపంచ వైద్యంలో పెద్ద వివాదం క్లోరోఫాం గురించి. అది ఇచ్చినప్పుడు మనుషులు చనిపోతున్నది గుండె ఆగిపోయా, ఊపిరి ఆగిపోయా? హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరే ముందు ఆగుతుందని వాదించాడు. 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ జరిగింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌండ్లు ఇచ్చి లాన్సెట్ ప్రతినిధినే రప్పించాడు. అలా 1889లో లాడర్ బ్రంటన్ హైదరాబాద్ వచ్చి, నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు జరిపి, ఊపిరిని కనిపెట్టుకొని ఉండాలన్న లారీ మాటను సమర్థించాడు. లారీ వాదం మొత్తం నిలవలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన పరీక్షల్లో, తక్కువ క్లోరోఫాం ఇచ్చినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే గుండె లయ చెదిరి ఆగిపోతుందని తేలింది. అడ్రినలిన్ భయంతో పెరిగేదే. క్లోరోఫాం ఇప్పుడు వాడుకలో లేదు. ఆ రోజుల్లో మాత్రం భయంతో కంపిస్తున్న మనిషికి అరకొర మత్తు ఇవ్వడం ప్రాణం మీదికి తెచ్చేది.

ఆ కాలంలోనే లారీ నడిపిన హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదివి, 1889 నుంచి 1917 దాకా రెసిడెన్సీ ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, జనానా ఆసుపత్రుల్లో మత్తు ఇచ్చిన డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెబుతారు. కత్తి పట్టిన సర్జన్ల పేర్లు చరిత్రలో మిగిలాయి. పక్కన నిలబడి ఊపిరి లెక్కపెట్టిన ఈమె పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలి. అఫ్జల్‌గంజ్‌లోనే ఇప్పుడు ప్రభుత్వ దంత కళాశాల ఉంది.

2024 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో పంటి చికిత్సకు వెళ్లిన ఒక యువకుడు చనిపోయాడు. మత్తు మందు ఎక్కువైందని కుటుంబం ఫిర్యాదు చేసింది. ఆ వార్త చదివి చికిత్సలు వాయిదా వేసుకున్నవాళ్లు ఉన్నారు. భయపడటంలో తప్పు లేదు. ఆ భయాన్ని ప్రశ్నలుగా మార్చుకోవాలి. నాకిచ్చే మత్తు ఏది, గ్యాసా, గోలీయా, నరానికా? పన్ను చూసే డాక్టరు కాక, నా ఊపిరి చూసే మనిషి వేరే ఉంటారా? వేలికి పెట్టే ఆక్సిమీటరు, ఆక్సిజన్ సిలిండరు, విరుగుడు మందు గదిలోనే ఉన్నాయా? ఆక్సిమీటరు సంగతి కరోనా తర్వాత ప్రతి ఇంటికీ తెలిసిందే, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట మత్తు తీసుకోవద్దు. మనవైపు నుంచి చెప్పాల్సినవి కూడా చెప్పాలి: గురక పెడతారా, ఆస్తమా ఉందా, బీపీ, షుగర్, గుండె మందులు వాడుతున్నారా అని. నరానికి మత్తయినా, పూర్తి మత్తయినా ఆరు గంటల ముందు నుంచి అన్నం, పాలు ఆపాలి. మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా తాగొచ్చు. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ‘ఒక్క బిస్కెట్టే గదా’ అని తినిపించి తీసుకొచ్చే అమ్మమ్మలకు ఇది ముందే చెప్పాలి.

పూర్తి మత్తు ఆఖరిది. పాల సీసా నోట్లో పెట్టుకొని నిద్రపోయే అలవాటుతో ఎక్కువ పళ్లు పుచ్చిపోయిన మూడేళ్ల పిల్లలకు, మాటతో కుదురుగా కూర్చోలేని ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు అదే మేలు. ఒకేసారి అన్ని పళ్లూ బాగుచేస్తారు. దీనికి ఆపరేషన్ థియేటరు, మత్తు వైద్యుడు ఉండాలి, క్లినిక్ గదిలో చేయకూడదు. నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకొని బలవంతంగా పన్ను తీయించిన పిల్ల పెద్దయ్యాక ఎప్పటికీ పంటి డాక్టరు గడప తొక్కదు. అంతకన్నా మత్తు నయం.

వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి ఉంది, 1959 నుంచి కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, మత్తు వైద్యులను తయారుచేసే విభాగం ఉంది. అన్ని జిల్లా కేంద్ర ఆసుపత్రుల దంత విభాగాల్లోనూ ఒక గ్యాస్ యంత్రం, దాన్ని నడపడం నేర్చిన ఒక దంత వైద్యుడు, ఊపిరి చూసే ఒక నర్సు ఉండాలని అడగడం అత్యాశ కాదు. ఓపీ చీటీ మీద బీపీ, షుగర్ గడుల పక్కన ఆ ఐదు ప్రశ్నలు తెలుగులో అచ్చువేయించాలి. చదువురానివాళ్లకు ఆశా కార్యకర్త చదివి వినిపించాలి. అప్పటిదాకా హసన్‌పర్తి నుంచి బయల్దేరేవాళ్లు పోయే ముందు క్లినిక్‌కు ఒక ఫోన్ చేసి, ‘డాక్టరు గారూ, నాకు పంటి సూదంటే చాలా భయం, మీ దగ్గర గ్యాస్ ఉందా? లేకపోతే మెల్లగా చేస్తరా?’ అని అడగండి. జవాబు నచ్చకపోతే హన్మకొండలో ఇంకో క్లినిక్‌కు చేయండి.